పొడుగు పైపు

బావి మెట్ల మీద, నడుంలోతు నీళ్ళలో మోకాళ్ళు ఆనించి మునిగి, లోక్యా మళ్ళీ అదే తప్పు చేశాడు.

ఎదురుగా మునిగి ఉన్న హరనాథబాబు గొంతు ముందు చెయ్యి అడ్డంగా ఆడించాడు. గాలి అయిపోయిందని దానర్థం. అప్పుడు లోక్యా చెయ్యాల్సింది చిన్న పని. వీపు మీది గాలి సిలిండరు నుంచి తన నోట్లోకి వచ్చిన పైపు తీసి ఆయనకు అందించాలి. మెడలో రబ్బరుతాడుకు వేలాడుతున్న రెండోదాన్ని తను నోట పెట్టుకోవాలి. లోక్యా చెయ్యి నోటిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. కిందికి జారి మెడలో ఉన్నదాన్ని పట్టుకుని ముందుకు చాచింది. ఆ పైపు పొట్టిది. హరనాథబాబు ముఖం లోక్యా గడ్డం కిందికి దూర్చాల్సి వచ్చింది.

మునగడం నేర్పుతున్న పండరి ఇద్దరి భుజాలూ తట్టి పైకి లేపాడు.

“నోట్లది ఇయ్యమన్న” అన్నాడు.

“గిది సాఫ్ ఉంటది గదన్నా. దీన్ల ఎవ్వలూ నోరు వెట్టలే” అన్నాడు లోక్యా, నీళ్ళకేసి చూస్తూ.

హరనాథబాబు ముఖం మీది అద్దం నుదుటికెత్తి నవ్వాడు. “ఏదైతే ఏంటయ్యా, గాలొస్తోంది కదా. వాడి మొహమాటం వాడిది. పోనియ్.”

పండరి నవ్వలేదు. మెడలో ఉన్నది తనకోసం దాచుకున్నది, నోట్లో ఉన్నది పక్కవాడికి ఇవ్వాల్సింది అని అప్పటికి ఎన్నిసార్లు చెప్పాడో. గాలందని మనిషి మెడకేసి చూడడు. బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో అక్కడికే చెయ్యి పోతుంది. పైగా నోట్లో ఉన్నది పనిచేస్తోందని పీలుస్తున్నవాడికి తెలుసు, మెడలోది పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే నోట్లోదానికి నిలువెత్తు మనిషికన్నా పొడుగు పైపు పెట్టింది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఎడంగా ఉండి, ఒకరినొకరు తన్నుకోకుండా పైకి రావచ్చు.

ఇదంతా లోక్యాకు వచ్చు. అడిగితే ఒక్క ముక్క పోకుండా అప్పజెబుతాడు. చెయ్యే రాదు.

పండరిది జుక్కల్ వైపు బెస్తల ఇల్లు. బావిలో బిందె పడినా, బకెట్టు పడినా అతని తండ్రికే కబురు వచ్చేది. పండరి కూడా ఊపిరి బిగబట్టి మునగడం అలాగే నేర్చాడు. తొంభై మూడులో మస్కట్‌కు తాపీ పనికని పోయాడు. కంపెనీ మూతపడితే, సముద్రం ఒడ్డున సరదాకి మునిగేవాళ్ళ క్లబ్బులో సిలిండర్లు కడిగే పనిలో కుదిరాడు. అక్కడ నేర్పే హెన్నింగ్ అనే ఆయనకు ఒక పిచ్చి ఉండేది. తన దగ్గర నేర్చుకునే ఎవరి సామానైనా ఒక్కలాగే ఉండాలి. పైపు కుడివైపు నుంచే రావాలి, ఛాతీ మీదుగా పోయి మెడ వెనక చుట్టి నోటికి చేరాలి. కత్తి నడుం దగ్గర, లైటు ఎడమవైపు. నాకిలా వీలు, నాకలా అలవాటు అంటే ఒప్పుకునేవాడు కాదు. మిగతా క్లబ్బులవాళ్ళు మిలిటరీవాళ్ళు వచ్చారని వెక్కిరించేవాళ్ళు. డబ్బున్నవాళ్ళ చాదస్తం అనుకుని పండరి కూడా లోపల నవ్వుకున్నాడు.

ఒకరోజు హెన్నింగ్ అతన్నే నీళ్ళలోకి తీసుకెళ్ళాడు. అడుగున ఇసుక మీద కూర్చోబెట్టి, గాలి లేదని సైగ చెయ్యమన్నాడు. పండరి చేశాడు. ఆయన ఒక్క క్షణం ఆలస్యం లేకుండా తన నోట్లోది తీసి పండరి నోట్లో పెట్టాడు. ఊళ్ళో పెద్దిళ్ళ వాకిట్లో, ఎత్తునుంచి చెంబుతో పోస్తే దోసిలి పట్టి నీళ్ళు తాగిన మనిషి పండరి. తల్లి కాక మరొకరు తమ నోట్లోది తీసి అతనికి పెట్టడం అదే మొదలు. ఆ తర్వాత అది చాదస్తంగా అనిపించలేదు. చీకట్లో నీ చెయ్యి నీ ఒంటిమీద ఎక్కడ వెతుకుతుందో పక్కవాడి ఒంటిమీదా అక్కడే దొరకాలి, అంతే ఇందులో విద్య అని ఆయన చెప్పింది మనసులో నాటుకుపోయింది.

ఎనిమిదేళ్ళు అక్కడే ఉండి, నేర్పేవాళ్ళకు సాయంగా నిలబడేంతవాడై, 2001లో బాన్సువాడ వచ్చాడు. టైర్ల షాపు వెనక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, బొంబాయి నుంచి తెచ్చిన పాత కంప్రెసర్ పెట్టాడు. అది మొదలైతే పక్కింటి గోడలు అదిరేవి. టైర్ల షాపువాళ్ళు, నీ గాలికీ మా గాలికీ ఫరకేంది పండరన్నా, గీ లారీ టైరుకు జర కొట్టి చూపియ్యరాదు అనేవాళ్ళు. బావుల్లో పడ్డ మోటార్లు తీసే పని అతనికి అన్నం పెట్టేది. నేర్పడం మాత్రం ఇష్టంతో చేసేవాడు. సముద్రాల దగ్గర సరదా మునకల వ్యాపారం పెరుగుతున్న రోజులవి. తన దగ్గర నేర్చిన ఇద్దరు గోవాలో కుదిరారు.

నేర్పడానికి బావి కావాలి. బాన్సువాడ చుట్టూ లోతుగా, వెడల్పుగా, మెట్లున్న బావి హరనాథబాబుదే. ఆయన తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద పొలం కొని, అటునుంచి వచ్చినవాళ్ళంతా ఉండే క్యాంపులో స్థిరపడ్డాడు. కాలువ నీళ్ళు చివరిదాకా రాని ఏళ్ళలో తవ్వించిన బావి అది. పండరి అడిగితే హరనాథబాబు కిరాయి వద్దన్నాడు. నాకూ నేర్పు అన్నాడు. టీవీలో చూశాడట, రంగురంగుల చేపల మధ్య మనుషులు నెమ్మదిగా తిరగడం. భార్య సుబ్బరత్నమ్మ, యాభై దాటాక ఈయనకు చేపల మీద మనసైందని చుట్టాలందరికీ చెప్పి నవ్వింది.

జట్టుగా ఇంకొకరు ఉంటేనే నేర్పుతానన్నాడు పండరి. నస్రుల్లాబాద్ దగ్గర తండా నుంచి వచ్చి హరనాథబాబు ట్రాక్టరు నడిపే లోక్యా అలా చేరాడు. 2006 వానాకాలం అది. నీళ్ళలో లోక్యా ఒళ్ళు చేపలా మెసిలేది. నెలరోజుల్లో బాబుగారిని దాటిపోయాడు. అప్పుడే అండమాన్ నుంచి, మస్కట్‌లో పండరితో పనిచేసినతను ఫోను చేశాడు. మంచి మనిషి కావాలి, నువ్వు సరేనంటే తీసుకుంటా అన్నాడు. లోక్యా భార్య దేవ్లి, నోట్ల పైపు వెట్టుకునే కొలువైతే ఇంట్ల లొల్లి తగ్గుతదన్నా, జల్ది పంపియ్యి అంది పండరితో. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఒక్క మాట చాలు. కానీ అక్కడ సెలవుల మీద వచ్చే కొత్త మనుషులను లోక్యా చేతుల్లో పెడతారు. గాలి అడిగితే ఇతను ఇస్తాడని పండరి తన నోటితో చెప్పాలి.

పొట్టి పైపు చాచిన ఆ రోజే మెట్ల మీద కూర్చోబెట్టి లోక్యాతో చెప్పేశాడు. నోట్లది ఇయ్యకపోతే ఫోను చెయ్యను. లోక్యా తలూపాడు. పండరితో చేయించి చూస్తే చకచకా ఇచ్చాడు. బాబుగారితో కూడా ఒక్కసారి ఇచ్చాడు, కళ్ళు గట్టిగా మూసుకుని. పండరి దాన్నే చాలనుకున్నాడు. ఎల్లుండి అడుగుదాకా పోదామన్నాడు.

ఆ పొద్దున నాట్లకు వచ్చినవాళ్ళు కూడా బావి గట్టున చేరారు. సుబ్బరత్నమ్మ టీ ఫ్లాస్కు తెచ్చి రాతి మీద కూర్చుంది. మునిగేముందు జట్టువాళ్ళు ఒకరి సామాను ఒకరు తల నుంచి కాలిదాకా చేత్తో తడిమి చూడాలి. సిలిండరు వాల్వు పూర్తిగా తిప్పారా, పొడుగు పైపు ఎక్కడా చిక్కుకోకుండా ఉందా, చూడాల్సింది కళ్ళతో కాదు, వేళ్ళతో. లోక్యా బాబుగారి వెనక్కి వెళ్ళి చేతులు నడుం మీదే ఉంచుకుని తల అటూ ఇటూ వంచి చూశాడు.

“నేను తిప్పుకున్నాలే” అన్నాడు హరనాథబాబు.

పండరి విన్నాడు. పట్టి చూడు అని లోక్యాతో అనాలనుకున్నాడు. పైన అంతమంది ఉన్నారు, సుబ్బరత్నమ్మ ఉంది. ఇగ మెట్లు దిగుదాం అన్నాడు.

బావి మధ్యకు కట్టిన తాడు పట్టుకుని ముందు పండరి దిగాడు. అతని వెనక హరనాథబాబు, చివర లోక్యా. మొదట్లో నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. కొంచెం లోపలికి పోగానే గోధుమరంగైనాయి. ఇంకా దిగితే చేతిలో ఉన్న తాడు కూడా కనబడలేదు. చెవులు నొక్కుకుంటున్నాయి. పండరి ముక్కు మూసి గాలి ఊదుతూ, వెనకవాళ్ళ కోసం ఆగుతూ దిగాడు. తాడు మీద రెండు బరువులూ తెలుస్తున్నాయి. కాళ్ళకు మెత్తగా బురద తగిలింది. అడుగు.

హరనాథబాబు కాలికి తొడిగిన రబ్బరు రెక్క బురదను బలంగా తన్నింది. ఉన్న కాస్త వెలుగూ పోయింది.

అప్పుడు తాడు గుంజినట్టైంది. ఒక చెయ్యి పండరి మోచేతిని పట్టుకుని, వెంటనే వదిలేసింది. సైగ కాదది. సైగ చేసేవాడు అలా వదలడు. పండరి తాడు వదలకుండా వెనక్కి తిరిగి రెండో చెయ్యి చాచాడు. వేళ్ళకు హరనాథబాబు భుజం తగిలింది. ఒళ్ళంతా ఎగిరిపడుతోంది. ఆయనకు గాలి అందడం లేదని పండరికి అర్థమైంది. తన నోట్లోది తీసి, ఆయన ముఖం తడుముతూ పెదాల దగ్గరికి చేర్చాడు.

ఆ నోట్లో అప్పటికే ఒకటి ఉంది. గాలి బుసబుసమని పోతోంది. దాని పైపు బిగుసుకుని ఉంది, పొట్టిగా, ఇంకో తల వైపు.

అయితే గాలి లేనిది లోక్యాకు.

పండరి తనది మళ్ళీ నోట పెట్టుకుని ఒక్కసారి పీల్చి, ఆ పొట్టి పైపు వెంట చెయ్యి పోనిచ్చాడు. లోక్యా మెడ దొరికింది. పొడుగు పైపు ఛాతీ మీదుగా పోవాలి. చెయ్యి అక్కడికే వెళ్ళింది. అక్కడ లేదు. పైన తడిమాడు, పక్కన తడిమాడు. పైపు ఉండాల్సినచోట లేకపోతే ఈ చీకట్లో ఇంకెక్కడ వెతకాలో పండరికి ఎవరూ నేర్పలేదు. లోక్యా కదలడం లేదు. తన్నడం లేదు. పెదాలు బిగించి, చేతులు దగ్గరికి చేర్చుకుని నిలబడ్డాడు.

పండరి వెతకడం మానేశాడు. తన నోట్లోది తీసి లోక్యా పెదాల మధ్య గుచ్చి, వెనకున్న మీట నొక్కి గాలి వదిలాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత పళ్ళు దాన్ని గట్టిగా పట్టుకున్నాయి. పండరి తన మెడ కింద ఉన్నదాన్ని తల వంచి అందుకున్నాడు. అది ఉండాల్సినచోటే ఉంది.

పైకి రావడం దిగడం కన్నా కష్టమైంది. హరనాథబాబు ఒక్కదూకున పైకి ఎగరాలని చూస్తున్నాడు. అలా పోతే ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. పండరి ఒక చేత్తో ఆయన పట్టీని, రెండో చేత్తో తాడును పట్టుకుని ఆపుతూ, వదులుతూ, ఆపుతూ వచ్చాడు. ఆయనా లోక్యా పొట్టి పైపుకు ఇరువైపులా ముఖాలు ఆనించుకుని ఉన్నారు. లోక్యా పండరి పొడుగు పైపు చివర ఉన్నాడు. నీళ్ళు మళ్ళీ ఆకుపచ్చగా మారేదాకా పండరికి తను ఊపిరి పీలుస్తున్నట్టు తెలియలేదు.

మెట్ల మీద హరనాథబాబు చాలాసేపు దగ్గాడు. సుబ్బరత్నమ్మ కిందికి దిగివచ్చి చెంబు అందించింది. ఆయన నోరు పుక్కిలించి ఉమ్మాడు. మళ్ళీ పుక్కిలించాడు. నోటినిండా బురదనీళ్ళే పోయాయి. లోక్యా దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

“తప్పైంది బాబుగారూ” అన్నాడు. “నా ఎంగిలి వెట్టుకోవలసొచ్చె మీకు.”

పండరి లోక్యా పక్కన కూర్చుని అతని ఛాతీ పట్టీ తిప్పి చూశాడు. పొడుగు పైపు మడతలు పెట్టి పట్టీ వెనక దోపి ఉంది. జారకుండా సైకిలు ట్యూబు ముక్కతో కట్టి ఉంది. కడిగిన ఆ పైపును నోట పెట్టకుండానే, పండరి ముందు దిగుతుంటే, నీళ్ళలో తల మునిగాక కట్టుకున్నాడట. బాబుగారు అడిగితే ఎవరూ నోరు పెట్టనిది పొడుగు పైపుతో సహా ఇయ్యాలని, తను పొట్టిదాంతో పీల్చాడట.

హరనాథబాబు ఊపిరి కూడదీసుకుని, వీడి తెలివికి నా ప్రాణం పోయేది అన్నాడు. పండరి లేచి ఆయన సిలిండరు దగ్గరికి వెళ్ళాడు. వాల్వు పట్టి, ఆయన చూస్తుండగా తిప్పాడు. అది తిరుగుతూనే ఉంది. ఆయన తెరిచింది కొద్దిగా మాత్రమే. నీళ్ళ పైన ఆ కాస్త సందు సరిపోతుంది, లోతుకు పోయాక చాలదు.

“ఆయన నీ నోట్లది గుంజుకున్నంక నీకు గాలి లేదు” అన్నాడు పండరి లోక్యాతో. “గీ కట్టింది ఊడబీకి నువ్వెందుకు వెట్టుకోలే?”

“గది బాబుగారి కోసం వెట్టింది గదన్నా.”

లోక్యా మళ్ళీ, అండమాన్‌ల వచ్చేటోళ్ళకైతే ఇస్తనన్నా, వాళ్ళు నాకేమైతరు అన్నాడు. నిజమే చెబుతున్నాడు. పండరికి తెలుసు. కానీ అడుగున బురదలో పెదాలు బిగించి నిలబడ్డ ఆ మనిషి అతని వేళ్ళకు ఇంకా తగులుతూనే ఉన్నాడు. చావనైనా చస్తాడు గాని చెయ్యి చాచడు. ఏ సముద్రంలోనైనా ఎవరో ఒక బాబుగారు దొరుకుతాడు.

ఇంతకాలం ఏం నేర్పాడో పండరి లెక్క చూసుకున్నాడు. పైపులు ఒకటే, పట్టీలు ఒకటే, కత్తులు ఒకేచోట. ఎప్పుడూ గాలి అయిపోయేది మాత్రం బాబుగారికే. ఇచ్చేది లోక్యా. ఒక్కరోజు కూడా తిప్పి చేయించలేదు. లోక్యా ఎంగిలి బాబుగారికి ఇయ్యమని చెప్పడానికి గొంతు లేచింది గాని, బాబుగారి ఎంగిలి లోక్యాకు ఇయ్యమని ఆయన బావిలో నిలబడి ఆయనతో చెప్పడానికి లేవలేదు. బావి పోతుందని భయం. ఆ భయాన్నే లోక్యా సైకిలు ట్యూబుతో కట్టాడు.

“సార్, లేవుండ్రి” అన్నాడు. “మెట్ల మీద ఒక్కపారి చేద్దాం. ఇప్పుడు లోక్యాకు గాలి లేదు. మీరియ్యాలె.”

హరనాథబాబు తలెత్తి చూశాడు. “ఇప్పుడా?”

“ఇప్పుడే. నోట్లది తీసి.”

ఆయన గట్టు మీదికి చూశాడు. నాట్లవాళ్ళు ఎవరూ కదల్లేదు. సుబ్బరత్నమ్మ చెంబు పట్టుకుని నిలబడే ఉంది. ఇవాళ్టికి చాలు, రేపు చూద్దాం అంటాడని పండరి ఎదురుచూశాడు. ఆ మాట వినడానికి సిద్ధపడి నిలబడ్డాడు.

“వాడు ముందు నా సామాను చూడాలి కదా” అన్నాడు హరనాథబాబు చివరికి. వీపు తిప్పి నిలబడ్డాడు. “రా రా. పట్టి చూడు.”

లోక్యా పండరికేసి చూశాడు. పండరి తన ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. లోక్యా చెయ్యి బాబుగారి మెడ వెనక్కి పోయి, వాల్వు మీద ఆగి, తిప్పింది. భుజం మీదుగా పైపు వెంట కిందికి వచ్చింది. ఇద్దరూ నడుంలోతు నీళ్ళలోకి దిగి మునిగారు. లోక్యా గొంతు ముందు చెయ్యి ఆడించాడు, మెల్లగా, అడగడానికి మొహమాటపడుతున్నట్టు. హరనాథబాబు చెయ్యి నోటిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. పండరి ఆ ఆగడం ఎంతసేపో చూశాడు. తర్వాత ఆయన తనది తీసి ముందుకు పట్టాడు, బుడగలు పోతుండగా. లోక్యా దాన్ని నోట పెట్టుకున్నాడు.

సుబ్బరత్నమ్మ గట్టెక్కి, ఫ్లాస్కు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ పొద్దంతా, సిలిండర్లలో గాలి అయిపోయేదాకా, మార్చి మార్చి చేయించాడు పండరి. తర్వాత చాలా రోజులు అదే. అడుగుకు మళ్ళీ ఒకసారి పోయి, అక్కడా మార్చి మార్చి చేసి వచ్చారు.

వరి కోతల ముందు ఒక మధ్యాహ్నం హరనాథబాబు స్కూటరు మీద షెడ్డుకు వచ్చాడు. దిగలేదు. పండరి కంప్రెసర్ ఆపాడు. బావికి పెద్ద మోటారు బిగిస్తున్నామని, ఈ మునకలు ఇంట్లో కూడా వద్దంటున్నారని ఆయన చెప్పాడు. పండరి సరే సార్ అన్నాడు. రుద్రూర్ వైపు ఒక బావి ఉందని విన్నానని, పోయి చూస్తానని అన్నాడు.

“లోక్యా సంగతి ఏం చేశావు?”

“ఫోన్ చేసిన. రమ్మన్నరు.”

“ఏం చెప్పావు?”

“గాలడిగితే ఇస్తడని చెప్పిన.”

హరనాథబాబు హ్యాండిలు మీద చేతులు సర్దుకున్నాడు. “ఆ రోజు వాడు ఇవ్వలేదు పండరీ. నేను లాక్కున్నాను. నేను లాక్కుంటే ఊరుకున్నాడు.”

“అది గూడ చెప్పిన సార్. అంత చెప్పినంకనే రమ్మన్నరు.”

ఆయన తలూపాడు. ఇంకేదో అడుగుతాడని పండరి చూశాడు. స్కూటరు ఒక తన్నుకు అందుకోలేదు. రెండోసారి తన్నితే అందుకుంది.